చంద్రునిపై దిగిన యంత్రము, మురుగులో దిగిన మనుష్యుడు

ఒక జాతి యొక్క నాగరకత నెట్లు కొలువవలెను? కోటల యెత్తును బట్టియా, గ్రంథముల సంఖ్యను బట్టియా, రథములు పోవు వేగమును బట్టియా? ఇవి యన్నియు పూర్వులు వాడి చూచిన కొలతలే. మాకు దోచిన కొలత వేఱొకటి కలదు. ఆ జాతి యే పనిని యంత్రమున కప్పగించినదో, యే పనిని మనుష్యుని మెడకు గట్టినదో విచారించిన చాలును. ఎవని కష్టము కష్టముగ లెక్కింపబడునో వానికొఱకు యంత్రము పుట్టును. ఎవని కష్టము లెక్కకు రాదో వానికొఱకు యంత్రము పుట్టినను వాని వీధికి రాదు.

2023 సంవత్సరము ఆగస్టు 23వ తేదీ సాయంకాలము ఆరుగంటలు దాటిన పిదప చంద్రయాన్-3 లోని విక్రమనౌక చంద్రుని దక్షిణధ్రువమునకు చేరువనున్న నేలపై మెల్లగా వ్రాలినది. అంతకుముందు చంద్రునిపై నౌకను మెల్లగా దింపుటను సోవియట్ రష్యా, అమెరికా, చైనా మాత్రమే సాధించియుండెను. ఆ నౌక పొట్టలోనుండి యిరువదియాఱు కిలోల బరువు గల ఆఱుచక్రముల చిన్నబండి యొకటి దిగి, గాలియు నీరును లేని నేలపై మెలమెల్లగా నడచినది. ఆనాడు మన యూళ్లలో బాణసంచా కాల్చిరి, మిఠాయిలు పంచిరి. పంచవలసినదే. మూడులక్షల యెనుబది వేల కిలోమీటర్ల దూరమున, మానవమాత్రుడు కాలుపెట్టినచో బ్రదుకజాలని చోట, మనకు బదులుగా యంత్రము దిగినది. మనుష్యుని ప్రాణము విలువైనది గనుక ముందుగా యంత్రమును బంపితిమి. ఇది వివేకము.

ఇదే దేశమున, ఇదే కాలమున, మన పట్టణములలోని మురుగుగోతులలోనికి మాత్రము మనుష్యునే దింపుచున్నాము. అక్కడను బ్రదుకుటకు దగిన గాలి లేదు. ఆ దూరము మూడులక్షల కిలోమీటర్లు కాదు, పది పన్నెండు అడుగులు. అచట యంత్రము దిగవలసినచోట మనుష్యుడు దిగుచున్నాడు. ఈ వైపరీత్యమును గూర్చియే నేడు పాఠకమహాశయులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

ముందుగా నొక అపోహను తొలగింపవలెను. ఇట్టి మాట యెత్తగనే కొందఱు, "అన్నము లేని దేశమునకు ఆకాశయాన మెందుకు? ఆ రూకలు పేదలకు బంచరాదా?" అందురు. ఈ వాదమును మే మంగీకరింపము. చంద్రయాన్-3 కైన వ్యయము సుమారు 615 కోట్ల రూపాయలు. ఆ సంవత్సరమున కేంద్రప్రభుత్వము మొత్తము ఖర్చుపెట్టదలచిన ధనములో అంతరిక్షశాఖ కిచ్చినది నూటికి అర్ధరూపాయి కూడ కాదు. ఆ సొమ్మును మరలించినంతమాత్రమున మురుగుగోతులు మూసికొనవు.

అంతకంటె ముఖ్యమైనది మన తీరప్రజల యనుభవము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను కృష్ణాతీరము మఱువజాలదు. ఒక్క రాత్రిలో పదివేల మంది యసువులు బాసిరని లెక్కగట్టిరి. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆ తరువాత 1983లో ఇన్సాట్-1బి ఆకాశమునకేగి, మేఘముల పోకడలను ఛాయాచిత్రములుగ బంపసాగినది. 1990 మే నెలలో మచిలీపట్టణముపై నంతటి గాలివాన వచ్చినపుడు లక్షల జనమును ముందే తరలించిరి గనుక చనిపోయినవారు వేయికి లోపుగ నుండిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును అతలాకుతలము చేసినపుడు ఆంధ్రప్రదేశమున మృతుల సంఖ్య నూటికి లోబడియుండెను. గాలి యదే, కడలి యదే, తాటాకు గుడిసెలు నవే. మధ్యలో వచ్చినది ముందుగా దెలిసికొను సాధనము, తెలిసినదానిని ఊరూర జెప్పు యంత్రాంగము. పైకెగిరిన ఉపగ్రహము నాగాయలంకలోని జాలరివాని ప్రాణమునకు కాపుగాసినది. అంతరిక్షశాస్త్రము బీదవాని కక్కఱకు రాదని యెవ్వరనగలరు?

కావున మా ఫిర్యాదు రాకెట్టుమీద గాదు. రాకెట్టును నిర్మించు నాడు మనము చూపు శ్రద్ధను మఱియొకచోట చూపకుండుటమీద.

శాస్త్రము చేయబోవుదానిని ముందుగా కల్పన చేయును. ఈ విషయమున మన భారతీయులు వెనుకబడినవారు కారు. జగదీశచంద్ర బోసు 1896లోనే యొక కథ వ్రాసెను. అందులో కలకత్తాపైకి తుపాను వచ్చుచున్నదని వాతావరణశాఖవారు చాటుట, ఒక సీసాలోని తలనూనె కడలిపై బోయగనే అల లణగిపోవుట వర్ణితము. హాస్యకథయే, అయినను తుపాను నరికట్టవలెనన్న కోరిక యందు గలదు. 1905లో రుకియా సఖావత్ హుస్సేను అను బంగాళీ విదుషీమణి మదరాసునుండి వెలువడు స్త్రీల పత్రికలో "సుల్తానా కల" అను కథను ప్రకటించినది. అందులోని రాజ్యమున స్త్రీలు స్వేచ్ఛగా దిరుగుదురు, పురుషులు ఘోషాలో నుందురు. సూర్యతాపముతో వంట జరుగును, మేఘములనుండి నీరు దిగును. నాలుగుగోడల నడుమ నున్న స్త్రీ యొక్క బాధ యామెకు బాధగ దోచినది గనుక నామె కల్పనలో యంత్రములు వంటింటికి వచ్చినవి.

మన తెనుగునాట చూడుడు. 1910లో హేలీ తోకచుక్క గానవచ్చినపుడు జనులు అరిష్టమని వణకిరి. గురజాడ అప్పారావుగారు మాత్రము "ముత్యాల సరములు" రచించి, ఆ చుక్కను భూమికి దూరపుజుట్టముగను, సంఘసంస్కారయాత్రకు ముందు నడచు జెండాగను భావించిరి. ఆకాశమును జూచినవెంటనే వీధిని దలచుట మన సాహిత్యమునకు వచ్చిన విద్య. 1957లో వచ్చిన "మాయాబజారు" చిత్రములోని ప్రియదర్శిని పేటికలో తన ప్రియమైనవారు కనబడుట జూచి మన తాతలు ముచ్చటపడిరి. నేడు ప్రతివాని జేబులోను ప్రియదర్శిని గలదు. 1991లో "ఆదిత్య 369" కాలయంత్ర మెక్కించి మనలను కృష్ణరాయల సభకును, రాబోవు 2504వ సంవత్సరమునకును ద్రిప్పి తెచ్చినది. 2024లో వచ్చిన "కల్కి 2898 ఏ.డి." యందు పైన గోపురమువంటి కట్టడములో కొందఱు సమస్తసంపదను ననుభవించుచుండ, క్రింద కాశీలో జనులు నీటిబొట్టునకు మొగమువాచియుందురు. కాలయంత్రము, ఖడ్గము, ఆకాశరథము అన్నియు మన కల్పనలో గలవు. అయితే మురుగుగోతిలో దిగి మనుష్యుని పైన నిలుపు యంత్రమును మాత్రము మన కథలలో నెవ్వరు గలగనిరి? గొయ్యిలో దిగువాడు కథకు నాయకుడు గాడు. అందువలన వాని యక్కఱ కలలోనికి గూడ రాలేదు.

ఇచట నొక మాట చెప్పవలెను. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో "ఆర్.యు.ఆర్." అను నాటకమును వ్రాసి "రోబో" అను పదమును లోకమున కిచ్చెను. ఆ పదమునకు మూలము "రొబోటా". దానికర్థము ప్రభువునకు బలవంతముగ జేయవలసిన చాకిరి. మన తెనుగున దానికి సరిగ్గా దగిన మాట వెట్టి. ఐరోపాలో వెట్టిచాకిరి మనుష్యులపైనుండి తొలగి యంత్రములపై బడవలెనని కలగని, యంత్రమునకు వెట్టివాడని పేరిడిరి. మనమో వెట్టివానిని వెట్టివానిగనే యుంచి, వానిని యంత్రమువలె వాడుకొంటిమి. పనివాడు చౌకగా దొరకునంతకాలము ఏ కంట్రాక్టరు యంత్రమును గొనును? ఆ చౌక సామాన్యమైన చౌక గాదు. కులము కట్టిన వెల యది. 2024 నాటి ప్రభుత్వపు లెక్కలలో, నమోదైన మురుగుపనివారిలో నూటికి తొంబది మందికి పైగా దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులములవారే యని తేలినది. అందఱకును సమానముగ దెరచియున్న వృత్తియైనచో ఈ లెక్క యిట్లుండునా?

కొందఱు పెద్దలు వేఱొక దారి దొక్కుదురు. మన పూర్వులకు విమానములు గలవనియు, మనకు లేని శాస్త్రము లేదనియు వారి వాదము. 2015 జనవరిలో ముంబాయి శాస్త్రసభలో గూడ ఈ వాదము వినవచ్చినది. ఆ వాదమున కాధారముగ జూపు "వైమానికశాస్త్రము" ఇరువదవ శతాబ్దపు తొలిదినములలో చెప్పి వ్రాయించినదే యనియు, అందు వర్ణించిన విమానములు ఎగురజాలవనియు బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థ పరిశోధకులు 1974లోనే తేల్చిరి. స్వదేశాభిమానమునకు కల్లతో పని లేదు. ఆర్యభట్టు భూమి తనచుట్టు తాను దిరుగుచున్నదని చెప్పెను. అది చాలును మనకు తలయెత్తుకొనుటకు. లేని విమానమును జూచి గర్వించువాడు, ఉన్న గొయ్యిని జూచి సిగ్గుపడనేరడు. దోషమంతయు నందున్నది.

ఇక ఆ గొయ్యిలో జరుగునదేమో విస్తరించి చెప్పుట యవసరము. మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువు పుట్టును. కొంచెముగ నున్నపుడది కుళ్లిన గ్రుడ్లవలె కంపుగొట్టును. ఆ కంపే మనకు హెచ్చరిక. కాని గాలిలో పదిలక్షల పాళ్లకు నూరుపాళ్లకు మించినచో అది ముక్కు యొక్క వాసనశక్తిని జంపివేయును. కంపు తగ్గినదనుకొని మనుష్యుడు ఇంకొక మెట్టు దిగును. ఇంకను హెచ్చైనచో నాలుగు ఊపిరులలో గుప్పకూలును. పైనున్నవాడు తోడివానిని రక్షింపనెంచి దిగును, వాడును గూలును. ఒకే గోతిలో ఇద్దఱు ముగ్గురు మరణించుటకు గారణ మిదియే. 2015 నవంబరులో కోళిక్కోడు పట్టణమున నిట్లే జరిగినది. పొట్టకూటికై అచటికేగిన మన యాంధ్రదేశపు పనివారిద్దఱు మురుగుగొయ్యిలో నూపిరాడక పడిపోయిరి. దారిన బోవుచున్న స్థానికుడైన ఆటోబండివా డొకడు వారినెఱుగకున్నను రక్షింప దిగి తానును బలియయ్యెను. వారి భాష వేఱు, మతము వేఱు. తోడిమనుష్యుడను నొక్క సంబంధమే యతనిని దింపినది. అట్టి త్యాగమును కీర్తింపవలసినదే. కాని పదునైన బుద్ధిగల దేశమున, ఒక చేతిపట్టు వాయుమాపకముతో తప్పిపోవలసిన చావునకు ముగ్గురు త్యాగము చేయవలసివచ్చుట కీర్తి గాదు.

చట్టము లేదా యని యడుగుదురేమో. న్యాయస్థానముల మెట్లెక్కి దిగు మావంటివారికి చట్టములు లేని లోపము తెలియదు. అమలులేని లోపమే తెలియును. 1993లో నొక చట్టము వచ్చినది. అది చాలదని 2013లో మఱియొకటి వచ్చి ఆ సంవత్సరము డిసెంబరు 6న అమలులోనికి వచ్చినది. రక్షణ లేక మురుగుగోతిలో మనుష్యుని దింపువానికి మొదటి తప్పునకు రెండేండ్ల వఱకు చెఱ, లేక రెండులక్షల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చునని యందు గలదు. 2014 మార్చి 27న సుప్రీముకోర్టు, 1993 మొదలు మురుగుగోతులలో చనిపోయిన ప్రతివాని కుటుంబమునకు పదిలక్షల రూపాయ లీయవలెనని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమును నడపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ తెనుగు కుటుంబమువాడు, కోలారు బంగారుగనుల పాకీపనివారి బిడ్డ. 2023 అక్టోబరు 20న ఆ న్యాయస్థానమే పరిహారమును ముప్పదిలక్షలకు హెచ్చించినది. 2025 జనవరిలో హైదరాబాదుతోగూడ ఆఱు మహానగరములలో మనుష్యులచే మురుగు తీయించుట మానవలెనని యాజ్ఞాపించినది.

ఇంత యున్నను చట్టములో నొక సందు గలదు. రక్షణసామగ్రి నిచ్చి దింపినచో అది నిషిద్ధమైన "ప్రమాదకరమైన శుద్ధి" కాదట! అనగా దింపుట నేరము గాదు, తొడుగు లీయకుండుటయే నేరము. ఈ సందులోనుండి కంట్రాక్టర్లు దూరి పోవుచున్నారు. కాగితముపై తొడుగులు గలవు, గోతిలో లేవు. 2022, 2023 సంవత్సరములలో నిట్టి పనిలో జరిగిన మరణములలో 54 మరణములను కేంద్రప్రభుత్వమే తనిఖీ చేయించినది. ఆ ఫలితము 2025 జులైలో పార్లమెంటులో వెల్లడియైనది. ఆ 54 మందిలో 49 మంది యొంటిపై రక్షణసామగ్రి యేమియు లేదు. మిగిలిన ఐదుగురికిని చేతితొడుగులకు మించి దొరికినది స్వల్పమే.

ఇప్పుడు రెండు పతనములను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. 2019 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారుజామున చంద్రయాన్-2 యొక్క నౌక చంద్రునిపై వ్రాలబోవుచు కూలిపోయినది. అందు మనుష్యుడు లేడు. అయినను మన శాస్త్రజ్ఞులు దానిని విధివిలాసమని విడిచిరా? ఆ నౌక దిగుచున్న ప్రతి క్షణమును మరల లెక్కించిరి. ఇంజన్ల తోపుడు తలచినదానికంటె హెచ్చుగ నుండుటచే దోషములు పేరుకొన్నవని కనుగొనిరి. దిగుటకు నిర్ణయించిన స్థలము అయిదువందల మీటర్ల చదరమై మిక్కిలి యిరుకుగ నున్నదని గ్రహించి, మరుసటి మాఱు దానిని నాలుగు కిలోమీటర్ల పొడవునకు, రెండున్నర కిలోమీటర్లకు చేరువైన వెడల్పునకు బెంచిరి. నౌక కాళ్లను బలపఱచిరి, ఇంధనమును హెచ్చుచేసిరి. ఏ యే విధముల తప్పు జరుగగలదో ముందుగ నూహించి, తప్పు జరిగినను నౌక నిలుచునట్లు కట్టిరి. నాలుగేండ్లకు జయము చేకూరినది.

మురుగుగొయ్యిలో మనుష్యుడు కూలిననాడు మన మేమి చేయుచున్నాము? పంచాయతీదారుల సంతకములు, పోలీసువారి కాగితము, "ఊపిరాడక మరణించెను" అను నొక్క వాక్యము. ఆ గోతిలోని వాయువు నెవ్వరు కొలిచిరి? పని పురమాయించిన దెవరు? యంత్ర మేచోట నుండెను, ఏల రాలేదు? ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసిన నివేదిక మన పురపాలకసంఘములలో నెన్ని గలవు? యంత్రము కూలినచో అది విచారణకు దగినది; మనుష్యుడు కూలినచో అది వాని తలవ్రాత. ఈ రెండు నీతులు నొక్క దేశమున నెట్లు కాపురము చేయుచున్నవో మాకు బోధపడకున్నది.

యంత్రములు లేవనువారికి ప్రత్యుత్తరము మన కండ్లయెదుటనే యున్నది. 2017లో హైదరాబాదు జలమండలివారు ఇరుకుసందులలో దూరగల చిన్న జెట్టింగు యంత్రములు డెబ్బదింటిని వీథులలోనికి దింపి, వానిని దళితుల యాజమాన్యమున నడపించిరి. ఈ యేర్పాటున రెండు మేళ్లు గలవు. యంత్రము గోతిలోనికి బోవును, యాజమాన్యము పనివాని చేతికి వచ్చును. 2018లో తిరువనంతపురమున కొందఱు యువ ఇంజనీర్లు గోతిలో దిగి చెత్తను పైకి దెచ్చు "బాండికూట్" అను యంత్రమును పనిలో బెట్టిరి. చంద్రుని దుమ్ములో బండిని నడపిన దేశమునకు కాలువలోని బురదను దీయుట అసాధ్యమను మాటను చంటిపిల్లవాడు గూడ నమ్మడు. లేనిది శక్తి గాదు, లేనిది పట్టుదల.

ఇచట శ్రీహరికోటను గూడ దలచుట న్యాయము. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఆ ద్వీపమును 1969లో రాకెట్టుల కొఱకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న తొలి చిన్నరాకెట్టు అచటనుండి యెగిరెను. అంతకుముందు ఆ యడవులు యానాదుల నివాసము. తేనె దీసి, చేపలుపట్టి, మూలికలనెఱిగి బ్రదికిన జాతి యది. కేంద్రము వచ్చిన పిమ్మట ద్వీపమున వారి స్వేచ్ఛాసంచారము పోయినది. ప్రతి రాకెట్టు ప్రయోగము నాడును చప్పట్లు గొట్టు మనము, ఆ నేలను విడిచినవారి బిడ్డలు బడికి బోవుచున్నారా యని యొకసారియైన నడుగవలదా? దేశమున కెవరు స్థలమిచ్చిరో వారిని దేశము ఋణదాతలుగ జూడవలెను గాని, అడ్డము తొలగినవారిగ గాదు.

నిందించి యూరకుండుట మా యుద్దేశము గాదు. చేయదగిన పను లివి. పురపాలకసంఘము తనకెన్ని మురుగుయంత్రములు గలవో, అవి యేయే వార్డులలో బనిచేయుచున్నవో ప్రతి సంవత్సరమును బహిరంగముగ ప్రకటింపవలెను. వోటరు ఆ పట్టిక నడిగి చదువవలెను. ప్రతి మురుగుమరణమును ఇంజనీరు, వైద్యుడు, న్యాయవాది, పనివారి ప్రతినిధి కూడిన సంఘము విచారించి, కారణములను ముద్రించి ప్రకటింపవలెను. పరిహారము భిక్షవలె గాక, చట్టప్రకారము గడువులోగా జేరవలెను. రక్షణసామగ్రి నిచ్చి దింపవచ్చునను సందును శాసనసభ్యులు మూయవలెను.

ఇవి ప్రభుత్వముల పనులు. మన యింటి పని యొకటి గలదు. మన సెప్టిక్‌ట్యాంకు నిండినపుడు స్తంభముపై నంటించిన కాగితములోని నంబరునకు ఫోను చేయుదుము. పదినిమిషములలో బియ్యమును, కూరలును గుమ్మములోనికి రప్పించు నేర్పుగల మనము, ఆ వచ్చిన బండివాడు చివరకు బక్కెటతో మనుష్యుని దింపుచున్నచో మొగము త్రిప్పుకొని లోపలికి బోవుదుము. అట్లు పోరాదు. "నా యింట మనుష్యుడు దిగరాదు" అని వాకిట నిలిచి చెప్పుటకు చట్టము చదువ నక్కఱలేదు, ఇంజనీరు గానక్కఱలేదు. యంత్రముతో వచ్చువానికి నూఱో రెండునూఱులో హెచ్చు ఇచ్చినచో ఇల్లు గుల్లగాదు. పదిమంది గృహస్థులు పట్టుబట్టినచో ఆ వీధికి యంత్రము వచ్చును. పది వీధులు పట్టుబట్టినచో ఊరికి వచ్చును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దల మాట. మనము రచ్చ గెలిచితిమి. చంద్రమండలముననే గెలిచితిమి. ఇల్లు గెలుచుట మిగిలియున్నది. మనుష్యులను వ్యోమమునకు బంపి క్షేమముగ దిరిగి దెచ్చు గగనయానమునకు దేశము సన్నద్ధమగుచున్నది. ఆ వ్యోమగామి యొంటిపై తొడుగును, వాని ప్రతి యూపిరిలోని వాయువును శాస్త్రజ్ఞులు వేయిసార్లు పరీక్షింతురు. అంత శ్రద్ధలో వేయవ పాలు గోతియొద్ద నిలుచున్న సోదరునకు మిగిల్చినచో వాడు సాయంకాలమునకు క్షేమముగ నిల్లు చేరును. వాని బిడ్డలును మనబిడ్డలతోబాటు మిద్దె యెక్కి చందమామను జూతురు.